హైదరాబాద్ నుంచి కన్యాకుమారి: డాష్‌కామ్ ఖర్చులో సగానికి పైగా దారిలోనే

హైదరాబాద్‌లో 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే కర్నూలు, అనంతపురం, బెంగళూరు, సేలం, మదురై మీదుగా కన్యాకుమారి దాదాపు 1,240 కిలోమీటర్లు. రానూపోనూ, అక్కడ తిరిగేదానితో కలిపి 2,500 కి.మీ. అనుకుందాం. ఒక పెట్రోలు కారు, నలుగురు మనుషులు, ఆరు పగళ్లు, ఐదు రాత్రులు. ఇంత దూరం బయల్దేరేటప్పుడు ‘డాష్‌కామ్ (దారిని రికార్డు చేసే కెమెరా) పెట్టించుకో’ అని ఎవరో ఒకరు చెబుతారు. అసలే ఖర్చు తగ్గించుకుందామని చూస్తుంటే ఇదొకటా అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం.

మొత్తం ఎంతవుతుంది?

ఇవి మన అంచనాలు. కారు లీటరుకు 18 కి.మీ. ఇస్తుందని, మూడు రాష్ట్రాలు దాటాక పెట్రోలు సగటున లీటరు రూ.104 పడుతుందని అనుకున్నాం.

• పెట్రోలు, 139 లీటర్లు: రూ.14,500
• టోల్, వార్షిక పాస్‌తో (2025 ధర): రూ.3,000
• బస, రాత్రికి రెండు గదులు, గది రూ.1,500: రూ.15,000
• తిండి, మనిషికి రోజుకు రూ.500: రూ.12,000
• మొత్తం: రూ.44,500

దీనికి రూ.4,000 డాష్‌కామ్, రూ.1,200 మెమరీ కార్డు కలిపితే రూ.49,700. మనిషికి పన్నెండున్నర వేల లోపు. కెమెరా వాటా పదోవంతు. ఆ పదోవంతును ఎక్కడ రాబట్టుకోవచ్చు?

వేగం తగ్గిస్తే రూ.2,300

మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు గరిష్ఠ వేగం గంటకు 100 కి.మీ. అంత వేగంతో వెళ్లవచ్చంటే వెళ్లి తీరాలని కాదు. గాలి నిరోధం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. గంటకు 80 కి.మీ. దగ్గర ఉండే నిరోధం 100 దగ్గర ఒకటిన్నర రెట్ల పైనే అవుతుంది. 80-85 మధ్య నిలకడగా నడిపితే 18 కి.మీ. ఇచ్చే కారు, ముల్లు వంద దగ్గరే ఉంచితే 15.5కు పడిపోయిందనుకోండి, 2,500 కి.మీ.కి 22 లీటర్లు అదనంగా తాగుతుంది. అంటే సుమారు రూ.2,300.

టోల్ పాస్‌తో రూ.600

సొంత కార్లకు వార్షిక ఫాస్టాగ్ పాస్ 2025 ఆగస్టు 15న రూ.3,000 ధరతో మొదలైంది. ఏడాది గానీ, 200 ట్రిప్పులు గానీ, ఏది ముందు పూర్తయితే అంతవరకే చెల్లుతుంది. ఇక్కడ ట్రిప్పు అంటే మన ప్రయాణం మొత్తం కాదు. మామూలు ప్లాజా ఒక్కసారి దాటితే ఒక ట్రిప్పు పోయినట్టే. మన దారిలో రానూపోనూ నలభై ప్లాజాలు, సగటున రూ.90 చొప్పున అనుకుంటే పాస్ లేకుండా రూ.3,600 అవుతుంది. పాస్‌తో రూ.600 మిగలడమే కాక, ఇంటికొచ్చాక వాడుకోవడానికి 160 ట్రిప్పులుంటాయి. ఏడాదిలో ముప్ఫై నలభై ప్లాజాలు కూడా దాటనివారికి మాత్రం ఇది గిట్టదు.

పాస్ జాతీయ రహదారులకూ, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేలకూ మాత్రమే. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద చెల్లదు. ట్యాగ్ పనిచేయకపోతే 2025లో నగదుకు రెట్టింపు కట్టాల్సి వచ్చేది. 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే ఒకటింపావు రెట్లే తీసుకుంటున్నారు.

బంకు ఎంచుకుంటే రూ.300

కొన్నేళ్లుగా ఆంధ్రప్రదేశ్‌లో కంటే కర్ణాటకలో పెట్రోలు లీటరుకు కనీసం ఐదారు రూపాయలు తక్కువ. కారణం పన్నులు. హైదరాబాద్‌లో ట్యాంకు నింపి బయల్దేరితే అలంపూర్ చౌరస్తా దాటి, కర్నూలు, అనంతపురం జిల్లాల గుండా సాగి, కర్ణాటకలోని బాగేపల్లి చేరేదాకా మళ్లీ పోయించక్కర్లేదు. 35 లీటర్ల ట్యాంకుకు ఆ దూరం ఎక్కువేమీ కాదు. తిరుగు ప్రయాణంలోనూ అక్కడే నింపాలి. రెండుసార్లకు కలిపి రూ.300 మిగులుతాయి.

మూడూ కలిపితే రూ.3,200. కెమెరా, కార్డుల ఖరీదులో అరవై శాతం మొదటి ప్రయాణంలోనే వచ్చేసినట్టు.

ఇంతకీ కెమెరా ఎందుకు?

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. వారిలో 30,486 మంది ప్రాణాలు తీసింది గుద్ది ఆగకుండా వెళ్లిపోయిన వాహనాలు. దాదాపు ప్రతి ఐదారు మరణాల్లో ఒకటి. అలాంటిచోట బండి నంబరు తెలియడమే కేసుకు ఆధారం. అదే ఏడాది ప్రమాదాల్లో ఐదోవంతుకు పైగా వెనక నుంచి గుద్దినవే. ముందు అద్దానికి ఒక్క కెమెరా పెట్టుకుంటే వెనక నుంచి గుద్దిన బండి అందులో పడదు. ధర్మపురి, సేలం మధ్య తొప్పూరు ఘాట్ దిగుడులో అదుపు తప్పిన లారీలు ముందున్న కార్ల మీదికి దూసుకెళ్లిన ఘటనలున్నాయి. అందుకే డబ్బు మిగిలితే 4కే కెమెరా కన్నా వెనక కెమెరా మీద పెట్టడం మేలు.

128 జీబీ సరిపోతుందా?

1080పీ కెమెరా సెకనుకు 12 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకు 5.4 జీబీ. 128 జీబీ కార్డులో 23 గంటలకు పైగా పడుతుంది. మన ప్రయాణంలో ఇంజను నడిచేది 38 గంటలనుకుంటే దాదాపు 205 జీబీ కావాలి. కార్డు నిండగానే కొత్త వీడియో పాతదాన్ని చెరిపేసుకుంటూ పోతుంది కాబట్టి, తిరుగు ప్రయాణంలో పోయేటప్పటి రికార్డింగు మాయమవుతుంది. వెనక కెమెరా కూడా ఉంటే పన్నెండు గంటలకే ఆ పరిస్థితి. గట్టి కుదుపు తగిలినప్పటి క్లిప్పును కెమెరా దానంతట అదే లాక్ చేస్తుంది కానీ, పక్క నుంచి గీసుకుపోయిన బండిని అది పసిగట్టకపోవచ్చు. అలాంటప్పుడు లాక్ బటన్ మనమే నొక్కాలి, కావాల్సిన క్లిప్పులను ఆ రాత్రి బసలోనే ఫోన్‌లోకి తీసుకోవాలి. రోజంతా రాస్తూ చెరుపుతూ ఉండే పని కనుక మామూలు కార్డు త్వరగా చెడిపోతుంది. హై ఎండ్యూరెన్స్ రకమే కొనండి.

కెమెరా సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. వంద వేగంలో కారు సెకనుకు 27.8 మీటర్లు, అంటే ఒక ఫ్రేముకు 93 సెంటీమీటర్లు కదులుతుంది. ఎదురుగా అంతే వేగంతో వచ్చే బండితో కలిపితే రెండు మీటర్లకు కాస్త తక్కువ. రాత్రిపూట ఆ నంబరు ప్లేటు వీడియోలో అలుక్కుపోతుంది. కాబట్టి నంబరు కనిపించగానే పైకి చదివెయ్యండి. మైకు ఆన్‌లో ఉంటే గొంతు రికార్డవుతుంది.

ఎండాకాలంలో ఎండలో నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటుతుంది. కెమెరాలో లిథియం బ్యాటరీ ఉంటే అది ఉబ్బే ప్రమాదం ఉంది. బ్యాటరీకి బదులు సూపర్ కెపాసిటర్ ఉన్నది దొరికితే అదే తీసుకోండి. బిగించేది లోపలి అద్దం వెనక, డ్రైవరు చూపుకు అడ్డు రానిచోట.

ప్రమాదం జరిగితే?

ముందు మనిషిని చూడాలి. 112కు గానీ, జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు గానీ ఫోన్ చేయాలి. గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం, పోలీసులు అక్కడ లేకపోతే 24 గంటల్లోగా స్టేషన్‌లో చెప్పడం మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవరు బాధ్యత.

తర్వాత కార్డు తీసి పక్కన పెట్టండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుల గురించి చెబుతుంది. వీడియో కాపీని కోర్టులో పెట్టాలంటే దానితో పాటు ధ్రువపత్రం ఉండాలి. అందులో ఫైలుకు వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ రాయాలి. ఫైలులో ఒక్క ఫ్రేము మారినా ఆ విలువ మారిపోతుంది. వాట్సాప్‌లో పంపితే ఫైలు కుదించుకుపోతుంది కాబట్టి, ఆ కాపీ కన్నా అసలు కార్డుకే బలం ఎక్కువ. సోషల్ మీడియాలో పెట్టే తొందర వద్దు.

మొత్తానికి వెనక కెమెరా ఉన్న మామూలు 1080పీ డాష్‌కామ్, 128 జీబీ కార్డు, ట్యాగ్ మీద పాస్, ముల్లు 85 దాటకుండా ఒక కాలు: సామాన్యుడి దూర ప్రయాణానికి ఇవి చాలు. కెమెరా ప్రమాదాన్ని ఆపదు, జరిగింది చెబుతుంది, అంతే. నిద్ర ముంచుకొస్తే గది అద్దె పదిహేను వందలకు వెనకాడకండి. ఖర్చు తగ్గించుకోవలసిన చోటు అది కాదు.