కణితిలో పళ్లు, వెంట్రుకలు: టెరటోమా ఎలా పుడుతుంది, ఎప్పుడు ప్రమాదకరం?

అండాశయం నుంచి తొలగించిన తిత్తిని కోసి చూసినప్పుడు, లోపల జిడ్డుగా ఉండే పసుపుపచ్చని కొవ్వు పదార్థం, అందులో చుట్టలు చుట్టుకుపోయిన వెంట్రుకలు, ఒక్కోసారి ఎముక ముక్కలు, పళ్లు కూడా కనిపిస్తాయి. చూసేవారికి ఇది వింతే కానీ, శస్త్రచికిత్స నిపుణులకు కొత్త కాదు. సంతానవతులయ్యే వయసులోని స్త్రీల అండాశయాల్లో తరచుగా కనిపించే కణితుల్లో ఇదొకటి. దీనిని టెరటోమా అంటారు. స్కానింగ్ నివేదికల్లో సాధారణంగా ‘డెర్మాయిడ్ సిస్ట్’ అని రాస్తారు.

పళ్లు, వెంట్రుకలు అనగానే కుటుంబాల్లో అనుమానాలు మొదలవుతాయి. అది గర్భమేనా? పెళ్లికాని అమ్మాయికి ఎలా వచ్చింది? ఎవరైనా చేతబడి చేయించారా? పేరు కూడా ఈ భయాన్ని తగ్గించేదిగా లేదు. 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో వాడుకలోకి తెచ్చిన ఈ పదానికి మూలమైన గ్రీకు మాటకు వికృతాకారం, రాక్షసం అని అర్థం.

అసలు కారణం పిండదశలో ఉంది. తల్లి కడుపులో పిండం రూపుదిద్దుకుంటున్న తొలి వారాల్లోనే, భవిష్యత్తులో అండాలుగా లేదా శుక్రకణాలుగా మారవలసిన బీజకణాలు సొనసంచి గోడ దగ్గర కనిపిస్తాయి. అక్కడి నుంచి అవి పేగు వెంట ప్రయాణించి, అండాశయం లేదా వృషణం ఏర్పడే చోటుకు చేరుకుంటాయి. చర్మం, నరాలు, ఎముక, కొవ్వు, పేగు పొర, థైరాయిడ్... ఏ కణజాలంగానైనా ఎదగగల శక్తి ఈ కణాల వంశంలో నిక్షిప్తమై ఉంటుంది.

అండాశయంలోని ఒక అండకణం, శుక్రకణంతో కలవకుండానే, తనంతట తాను విభజన మొదలుపెడితే టెరటోమా ఏర్పడుతుంది. 1970వ దశకంలో జరిగిన జన్యు పరిశోధనలు ఈ సంగతిని బలపరిచాయి. అంటే ఇందులో పురుషుని ప్రమేయం లేదు. శిశువు రూపొందాలంటే తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన జన్యువులు రెండూ తమ తమ పాత్ర పోషించాలి. ఇక్కడ తండ్రి భాగం లేనందున కణజాలాలు పుడతాయే తప్ప, వాటికి ఒక శరీర క్రమం రాదు. పిల్లల కడుపులో ‘కవల పిండం’ దొరికిందని అప్పుడప్పుడు వచ్చే వార్తలు వేరే స్థితికి సంబంధించినవి. వెన్నెముక వంటి నిర్మాణం ఉంటే వైద్యులు దానిని టెరటోమా నుంచి వేరుగా పరిగణిస్తారు.

బీజకణాలు ప్రయాణంలో దారితప్పి ఛాతీ మధ్యలోనో, మెదడులోనో నిలిచిపోతే అక్కడా టెరటోమాలు రావచ్చని భావిస్తారు. నవజాత శిశువుల్లో ఇవి ఎక్కువగా వెన్ను చివర, అనుత్రికాస్థి వద్ద కనిపిస్తాయి. సుమారు 35 వేల నుంచి 40 వేల జననాల్లో ఒకరికి, అందులోనూ ఆడశిశువులకు ఎక్కువగా వస్తాయి. గర్భిణికి చేసే స్కానింగ్‌లోనే చాలావరకు బయటపడతాయి. శస్త్రచికిత్సలో కణితితో పాటు ఆ చివరి ఎముకనూ తీసివేస్తారు. దానిని వదిలేస్తే కణితి మళ్లీ వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఒకే పేరున్నా, టెరటోమా స్వభావం అందరిలో ఒకటి కాదు. అండాశయంలోని పరిణత టెరటోమా ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా ఉండవచ్చు. క్యాన్సర్‌గా మారేది నూటికి ఒకటి రెండు మాత్రమే. చిన్న మగపిల్లల వృషణంలో వచ్చేది సాధారణంగా నిరపాయకరం. అదే కణితి యుక్తవయసు దాటిన పురుషునిలో వస్తే, సూక్ష్మదర్శిని కింద ఎంత సౌమ్యంగా కనిపించినా, ఇతర భాగాలకు పాకగలదు. అందుకే వృషణంలో నొప్పిలేని గడ్డను సిగ్గుతో దాచడం ప్రాణాంతకం కావచ్చు.

అండాశయ తిత్తితో తక్షణ ముప్పు క్యాన్సర్ కన్నా మెలిక. తిత్తి బరువుకు అండాశయం మెలితిరిగితే రక్తప్రసారం ఆగిపోతుంది. పొత్తికడుపులో ఒక పక్క హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తే నెలసరి నొప్పి అనుకుని ఊరుకోరాదు. ఆలస్యమైతే అండాశయాన్నే కోల్పోవలసి రావచ్చు.

మరో ప్రమాదం ఇంకా విచిత్రమైనది. 2007లో డాక్టర్ జోసెప్ డాల్మౌ బృందం వివరించిన ఒక మెదడువాపులో, టెరటోమాలోని నరాల కణజాలంపై శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలు మెదడుపైనే దాడి చేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న యువతి కొద్ది రోజుల్లోనే పొంతనలేని మాటలు, భ్రమలు, మూర్ఛలు, ముఖంలో అసంకల్పిత కదలికలకు లోనవుతుంది. దయ్యం పట్టిందని భూతవైద్యుని దగ్గరకు తీసుకుపోయే లక్షణాలే ఇవి. ఈ వ్యాధిగ్రస్తులందరిలోనూ కణితి ఉండదు. అయితే ఉన్నవారిలో దానిని త్వరగా తొలగించి, రోగనిరోధక చికిత్స చేస్తే ఎక్కువమంది కోలుకుంటారు.

నిర్ధారణ సాధారణంగా అల్ట్రాసౌండ్‌తో మొదలవుతుంది. సందేహముంటే సీటీ, ఎంఆర్ఐ చేస్తారు; తిత్తిలో కొవ్వు కనిపించడం బలమైన ఆధారం. ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ వంటి రక్తపరీక్షలు ఇతర బీజకణ కణితులు కలిసి ఉన్నాయేమో సూచిస్తాయి. చిన్న తిత్తులను కొన్నిసార్లు గమనిస్తూ ఉంటారు. తీయవలసి వస్తే, యువతుల్లో వీలైనంతవరకు తిత్తిని మాత్రమే ఒలిచి అండాశయాన్ని కాపాడతారు. సుమారు పది శాతం మందిలో రెండు పక్కలా తిత్తులు ఉంటాయి కనుక రెండో అండాశయాన్నీ పరిశీలిస్తారు.

తుది మాట ప్రయోగశాలది. తొలగించిన కణితిలో అపరిణత నరాల కణజాలం ఎంత ఉందో చూసి, తదుపరి చికిత్స అవసరమా కాదా నిర్ణయిస్తారు. ఆ నివేదిక కొన్ని రోజుల తర్వాత వస్తుంది. కుట్లు మానాయని దానిని తీసుకోకుండా వదిలేయకూడదు.