కత్తి మీద మూడు పేర్లు

క్రిందటి వేసవిలో మా బావగారు అమెరికా నుండి సెలవుకు వచ్చినపుడు నాకొక మడతకత్తిని కానుకగా తెచ్చారు. చూడముచ్చటైన వస్తువు. అలుగు తళతళలాడుతున్నది, పిడి చేతిలో ఇమిడిపోతున్నది. అలుగు మీద మూడు పేర్లు చెక్కి ఉన్నాయి. ఒకటి కంపెనీ పేరు. రెండవది ఆ కత్తిని రూపొందించిన వ్యక్తి పేరు. మూడవది పిడికి దగ్గరగా, చూపు ఆనని చిన్న అక్షరాలలో ఉన్నది: చైనా. మా అక్కయ్య దానిని చదివి, "అంత దూరం పోయి కొన్నది ఇదా? కోఠీలో దొరకదూ?" అని నవ్వింది. బావగారు మాట మార్చారు.

ఆ నవ్వులో ఒక శాస్త్రీయమైన ప్రశ్న ఇమిడి ఉన్నది. రూపం గీసినవాడు ఒకడు, చేసినవాడు వేరొకడు, ఇద్దరి నడుమ ఒక మహాసముద్రం. అట్టి కత్తిని దేనిని బట్టి నమ్మాలి? గీసినవాని పేరును బట్టియా, చేసిన దేశాన్ని బట్టియా?

ఈ ఏర్పాటు ఎట్లా వచ్చిందో ముందుగా చూద్దాం. కత్తులను చేతితో, ఒక్కొక్కటిగా తయారుచేసే పనివారు అమెరికాలో ఉన్నారు. వారిలో పేరు పడినవారి కత్తి కావాలంటే కొనేవారు నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి వేచి ఉండాలి. ధర కూడ సామాన్యునికి అందదు. ఎంత నేర్పరి అయినా రెండు చేతులతో చేయగలిగిన కత్తులెన్ని? కనుక వారు కంపెనీలతో ఒప్పందం చేసుకుంటారు. నమూనా పనివానిది, పెట్టుబడి, అమ్మకం కంపెనీవి. అమ్ముడుపోయిన కత్తికి ఇంత అని నమూనాకర్తకు రాయల్టీ ముడుతుంది. కంపెనీకి సొంత కార్ఖానా లేకపోయినా, ఉన్నది చాలకపోయినా, పని మరొక దేశానికి పోతుంది.

1981లో స్పైడర్కో అనే అమెరికా కంపెనీ స్థాపకుడు సాల్ గ్లెస్సర్ 'వర్కర్' అనే మడతకత్తిని బయటికి తెచ్చాడు. అలుగులో ఒక గుండ్రని రంధ్రం, పిడికి జేబులో తగిలించుకొనే క్లిప్పు దాని ప్రత్యేకతలు. ఆ రంధ్రంలో బొటనవ్రేలు ఆనించి ఒంటి చేత్తో కత్తిని తెరవవచ్చును. దానిని తయారుచేసినది జపానులోని సెకి పట్టణం. సెకి కొన్ని శతాబ్దాలుగా ఖడ్గాలకు పేరు పొందిన ఊరు. ఆ తరువాత ఈ కంపెనీకి కొలరాడో రాష్ట్రంలోని గోల్డెన్‌లో సొంత కార్ఖానా వచ్చింది. అయినా సెకితో పాటు ఇటలీలోని మానియాగోలోను, తైవానులోని తైచుంగ్‌లోను, చైనాలోను కూడ దాని కత్తులు తయారయ్యాయి. అట్లాగే కిట్ కార్సన్ అనే పనివాడు రూపొందించిన 'ఎం-16' కత్తిని, 1994లో ఆరెగాన్‌లో స్థాపించబడిన సి.ఆర్.కె.టి. అనే కంపెనీ తైవానులో చేయించింది. కెర్షా కంపెనీ కథ ఇంకా తమాషా అయినది. అది అమెరికాలో పుట్టింది. దాని యజమాని సెకిలో 1908లో మొదలయిన కై సంస్థ. దాని కార్ఖానా ఒకటి అమెరికాలోనే ఉన్నది, కొన్ని కత్తులు చైనాలో చేయించుకున్నది. ఇందులో స్వదేశమేది, విదేశమేది?

ఇక అసలు విషయానికి వద్దాం. నమూనాకర్త కాగితం మీద ఏమి గీయగలడు? అలుగు పొడవు, వంపు, మందం, ఇరుసు స్థానం గీయగలడు. ఏ ఉక్కు వాడాలో వ్రాయగలడు. ఇవి కంటికి కనిపించేవి, కొలబద్దకు చిక్కేవి. కాని కత్తికి ప్రాణం పోసేది కొలిమి. కొలిమిలో జరిగిన పని అలుగు మీద ఏ గుర్తునూ మిగల్చదు. సరిగా కాల్చిన అలుగును, సరిగా కాల్చని అలుగును మెరుగు పెట్టి పక్కపక్కన ఉంచితే ఏది ఏదో ఎవరూ చెప్పలేరు.

ఉదాహరణకు చైనాలో తయారయ్యే కత్తులలో తరచుగా కనిపించే ఒక ఉక్కును తీసుకుందాం. దానిలో సుమారు 0.8 శాతం కర్బనం, 13 శాతం క్రోమియం ఉంటాయి. తుప్పు పట్టకుండ కాపాడేది క్రోమియం. గట్టిదనం ఇచ్చేది కర్బనం. చిక్కేమిటంటే కర్బనానికి క్రోమియంతో స్నేహం ఎక్కువ. రెండూ కలిసి కార్బైడులు అనే గట్టి రేణువులుగా ఏర్పడి ఉక్కులో చెదరి ఉంటాయి. అలుగును సుమారు 1050 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడిచేస్తే ఈ రేణువులలో కొంత భాగం, చక్కెర నీటిలో కరిగినట్లు, ఘనరూపంలో ఉన్న ఉక్కులోనే కరుగుతుంది. వెంటనే వేగంగా చల్లారిస్తే, కరిగిన కర్బనం బయటికి పోవడానికి వ్యవధి లేక ఇనుప పరమాణువుల అమరికలో చిక్కుకొని దానిని సాగదీస్తుంది. ఈ స్థితికే మార్టెన్‌సైట్ అని పేరు. కత్తి గట్టిదనమంతా ఇందులోనే ఉన్నది.

వేడి చాలకపోతే కర్బనం కరగదు, అలుగు మెత్తగా మిగులుతుంది. అయితే వేడి ఎక్కువయితే మేలే గదా అనుకోరాదు. కర్బనం మితిమీరి కరిగితే, గది ఉష్ణోగ్రతకు చల్లారిన తరువాత కూడ ఉక్కులో కొంత భాగం మార్టెన్‌సైట్‌గా మారకుండ, ఆస్టెనైట్ అనే మెత్తని స్థితిలోనే నిలిచిపోతుంది. అందుకే కొందరు తయారుదారులు అలుగులను సున్నాకు ఎంతో దిగువన, ద్రవ నైట్రోజన్‌లో అయితే సున్నాకు 196 డిగ్రీలు దిగువకు చల్లబరుస్తారు. చల్లార్చడం ఆలస్యమయితే మరొక నష్టం. కార్బైడులు ఉక్కు రేణువుల సరిహద్దుల వెంట తిరిగి పేరుకొని, చుట్టుప్రక్కల క్రోమియాన్ని దోచుకుంటాయి. అప్పుడు పేరుకు తుప్పు పట్టని ఉక్కు అయినా తుప్పు పడుతుంది. చివరగా అలుగును 150 నుండి 200 డిగ్రీల వరకు మళ్ళీ వేడిచేసి, పెళుసుదనం తగ్గించాలి. దీనినే టెంపరింగు అంటారు.

ఒక్క కొలిమిలో వందల అలుగులు ఒకేసారి పేర్చినపుడు మధ్యనున్న వాటికి, అంచున ఉన్న వాటికి ఒకే వేడి అందుతుందా? చల్లార్చే వాయువు అన్నిటికీ ఒకే వేగంతో తగులుతుందా? ఇరవై నిమిషాలు ఉంచవలసినది పన్నెండు నిమిషాలకే తీస్తే విద్యుత్తు మిగులుతుంది, ఎవరికీ తెలియదు. నమూనాకర్త భయమంతా ఇక్కడే ఉన్నది. అలుగు మెత్తబడితే కొన్నవాడు కొలిమి మనిషిని తిట్టడు, అలుగు మీద పేరున్నవానిని తిడతాడు.

ఈ చీకటిలో దీపం వంటిది రాక్‌వెల్ యంత్రం. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో హ్యూ రాక్‌వెల్, స్టాన్లీ రాక్‌వెల్ అనే ఇద్దరు 1914లో దీని పేటెంటుకు దరఖాస్తు చేశారు. సూత్రం చాల సులువు. 120 డిగ్రీల కోణంగల వజ్రపు శంకువును లోహం మీద మొదట 10 కిలోగ్రాముల బరువుతో ఆనించి, తరువాత మొత్తం 150 కిలోగ్రాముల బరువుతో నొక్కి, అదనపు బరువు తీసివేసి, గుంట ఎంత లోతు పెరిగిందో చూస్తారు. 0.002 మిల్లీమీటరు లోతుకు ఒక అంకం చొప్పున 100 నుండి తీసివేస్తే వచ్చేది ఆ లోహపు కాఠిన్యాంకం. లోతు 0.080 మిల్లీమీటరు అయితే అంకం 60. లోతు 0.090 అయితే 55. అంటే కోరదగిన కత్తికి, నిరాశ కలిగించే కత్తికి ఉన్న తేడా మిల్లీమీటరులో నూరవ వంతు. కంటికి ఆననిది అన్నామే, అది ఇంత చిన్నది. విద్యార్థులు ఈ లెక్కను తామే వేసి చూడవచ్చును.

అయితే ఈ అంకమే సర్వస్వం కాదు. అలుగు మందంగా ఉన్నచోట కొలిచిన కాఠిన్యం, సన్నని వాదర వద్ద కూడ ఉన్నదన్న నమ్మకం లేదు. గట్టిపడిన అలుగును ఎండు సానచక్రం మీద తొందరగా పట్టితే, వాదర క్షణకాలం ఎంతో వేడెక్కి దాని పదును సత్తువ పోతుంది. నిప్పురవ్వల వాన చూడడానికి బాగుంటుంది గాని అలుగుకు మంచిది కాదు. అందుకే ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఒక పరిశోధన సంస్థ వేరొక యంత్రాన్ని రూపొందించింది. 5 శాతం ఇసుక కలిసిన అట్టను 50 న్యూటన్ల బలంతో కత్తి వాదరకు నొక్కి, 60 మారులు ముందుకు వెనుకకు కోయించి, మొత్తం ఎన్ని మిల్లీమీటర్ల అట్ట తెగిందో లెక్కిస్తారు. కత్తి పదును ఎంతకాలం నిలుస్తుందో దీనితో తెలుస్తుంది. కాని పరీక్షించిన కత్తి మొద్దుబారుతుంది గనుక ప్రతి కత్తికి చేయలేరు, నూటికో వెయ్యికో ఒకటి తీసి చేయాలి.

ఉక్కునే మార్చివేస్తే? ఇది కూడ నిజమైన భయమే. ఎక్స్-కిరణాలతో మూలకాలను గుర్తించే చేతి పరికరాలు నేడు ఉన్నాయి. క్రోమియం, మాలిబ్డినం, వెనేడియం ఎంతెంత ఉన్నాయో అవి క్షణాలలో చెబుతాయి. కాని కర్బనం వంటి తేలిక మూలకం వెలువరించే కిరణాలు మరీ బలహీనం గనుక వాటికి చిక్కదు. కత్తికి అతి ముఖ్యమైన మూలకమే ఈ పరికరం కన్ను గప్పుతుంది! దానికి లోహాన్ని విద్యుత్ రవ్వతో మండించి కాంతిని విశ్లేషించే పెద్ద యంత్రం కావాలి.

మడతకత్తిలో మరొక ప్రమాదం ఉన్నది. తెరిచిన అలుగు వాడుకలో ఉండగా మూతపడకుండ, పిడి లోపలి లోహపు పట్టీ ఒకటి అలుగు మడమకు అడ్డుగా వచ్చి నిలుస్తుంది. ఈ పద్ధతిని నేటి రూపానికి తెచ్చినవాడు మైకేల్ వాకర్ అనే అమెరికను పనివాడు. అలుగు మడమను కొద్ది డిగ్రీల వాలుగా కోయాలి. వాలు ఎక్కువయితే ఒత్తిడికి పట్టీ జారిపోతుంది. తక్కువయితే బిగుసుకొని ఊడిరాదు. జారితే తెగేది వ్రేళ్ళు. కనుక ఇక్కడ నమూనాకర్త గీసిన కోణానికి, వెయ్యవ కత్తిలో యంత్రం కోసిన కోణానికి ఉన్న తేడా రాయల్టీ లెక్క మాత్రమే కాదు.

దేశాన్ని బట్టి వస్తువును శంకించడం కొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో షెఫీల్డ్ కత్తులవారు జర్మనీలోని సోలింగన్ నుండి వచ్చే చవక కత్తుల మీద, వాటిపై దొంగ షెఫీల్డ్ ముద్రల మీద గగ్గోలు పెట్టారు. 1887లో బ్రిటిషు పార్లమెంటు వర్తక చిహ్నాల చట్టం చేసింది. బ్రిటిషు పేరు ధరించి వచ్చే విదేశపు వస్తువు మీద అది తయారయిన దేశం పేరు కూడ ఉండాలన్నది. మచ్చగా వేయించిన 'జర్మనీలో తయారయినది' అన్న ముద్ర కొన్ని దశాబ్దాలలో గౌరవ చిహ్నమయింది. 1938 నాటికి జర్మనీయే సోలింగన్ పేరును ఇతరులు వాడకుండ చట్టం చేసుకోవలసి వచ్చింది. మరి షెఫీల్డ్ మాటేమిటి? 1913లో హ్యారీ బ్రేర్లీ తుప్పు పట్టని ఉక్కును పోత పోసినది అక్కడే. మొదట ఆ ఉక్కుతో చేసిన కత్తులు తెగనే లేదు. సుమారు 800 డిగ్రీల వద్ద పని ముగించే పాత అలవాటుతో అక్కడి పనివారు దానిని కాల్చారు. అది అంతకంటె ఎక్కువ వేడి కోరే ఉక్కు. తెగని కత్తులు కనిపెట్టినవాడని పాపం బ్రేర్లీని ఎగతాళి చేశారు. ప్రపంచంలో కత్తులకు మొదటి పేరున్న ఊరిలో, ఆరితేరిన చేతులలో జరిగిన పొరపాటు ఇది. దేశం పేరు కొలిమి వేడిని కొలవదు గదా.

ఇట్టి దూరపు వ్యాపారం మన ప్రాంతం ఎరుగనిది కాదు. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో మూసలలో కరిగించి చేసిన ఉక్కు ఫారసు దేశానికి పోయి ఖడ్గాలయ్యేది. పందొమ్మిదవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో అక్కడికి వెళ్ళిన వాయిసీ అనే వైద్యుడు వ్రాసిన వర్ణన 1832లో అచ్చయింది. ఫారసు వర్తకుడు తానే వచ్చి, కొలిమి దగ్గర ఉండి, ఉక్కును స్వయంగా పరీక్షించి తీసుకొనేవాడని దాని సారాంశం. రాక్‌వెల్ యంత్రం లేని కాలంలో అంత దూరం నుండి వచ్చి కూర్చోవడమే కొలత.

నేడు శ్రద్ధ గల కంపెనీలు చేసేదీ దాదాపు అదే. మొదటి నమూనాలను తెప్పించి కోసి చూస్తారు, కొలిమి పత్రాలు అడుగుతారు, తమ మనిషిని పంపుతారు. చవక ధర ముందే నిర్ణయించి, ఆ ధరకు కత్తి చేయమన్న కంపెనీకి మాత్రం ఎక్కడ చేయించినా అదే ఫలితం వస్తుంది. నా అభిప్రాయంలో చైనా కత్తి మీద ఫిర్యాదులలో సగం నిజానికి ఆ ధర మీది ఫిర్యాదులు.

బావగారి కత్తి సంగతి చెప్పాలి. ఒక ఇంజనీరింగు కళాశాలలో పనిచేసే మిత్రుని దగ్గరకు దానిని తీసుకొనిపోయి, అలుగు వీపు దగ్గర మందమైన చోట మూడు గుంటలు పెట్టించాను. వచ్చిన అంకాలు 58, 57.5, 58.5. కంపెనీ చెప్పినదానికి సరిపోయినవి. అయినా ఇంట్లో అది మామిడికాయను కోయదు, చీలుస్తుంది! రెండు రోజులు ఆలోచించి, వెర్నియర్ కాలిపర్సు కొనలతో వాదరకు సరిగ్గా పైన మందం కొలిచాను. 0.8 మిల్లీమీటరు. కొలిమి మనిషి తన పని తాను చేశాడు. సాన మనిషి తొందరపడ్డాడు, లేదా అతనికి ఇచ్చిన కూలికి తగినంత సేపే పట్టాడు. వారం రోజులు సాయంత్రం పూట తడి సానరాయి మీద రెండు వైపులా కూర్చొని రుద్దాను. 0.5కు దిగింది. ఆదివారం నాడు ఒక మామిడికాయ చెక్కు తీసి అక్కయ్య ముందు పెట్టాను. చెక్కును వెలుతురుకు ఎత్తి చూసి, "ఇదేదో ముందే చేసి పంపకూడదూ వాళ్ళు?" అన్నది.