ఉపప్రక్రియ: పటములో పనులను కూర్చు విధము

కార్యాలయములలో జరుగు పనుల వరుసను కంప్యూటరుపై పటముగా గీచి చూపుటకు బి.పి.ఎం.ఎన్. అను పద్ధతి యొకటి కలదు. దీని మొదటి కూర్పు 2004లో వెలువడినది. రెండవ కూర్పును 2011లో ఆబ్జెక్టు మేనేజిమెంటు గ్రూపు అను సంస్థ ప్రకటించెను. 2013లో నది అంతర్జాతీయ ప్రమాణమయ్యెను. మూలలు గుండ్రముగానున్న పెట్టె ఒక పని. బాణము పనుల వరుస. వజ్రపు టాకారము దారి చీలుచోటు. సన్నని వలయము ఆరంభము, మందపు వలయము అంతము. ఇంతవఱకు ఆఱవ తరగతి బాలుడైనను గ్రహింపగలడు.

పనులు పెరిగినప్పుడే చిక్కు. మా పాఠశాలలోని ప్రవేశముల పనిని మేమిట్లు గీయబూని, దరఖాస్తు పుచ్చుకొనుట మొదలు హాజరు పట్టీలో పేరు వ్రాయువఱకు ఇరువదిమూడు పెట్టెలు గీచితిమి. గోడ కంటించిన యా కాగితమును గుమాస్తాగారు కొంతసేపు చూచి, "అయ్యా, ఇందులో నేనెక్కడ నున్నాను?" అని యడిగిరి. అడుగదగిన ప్రశ్నయే.

అంతట ఉపప్రక్రియ నాశ్రయించితిమి. ఒక్క ప్రయోజనమునకై చేయు పనులను పెద్ద పెట్టెలోనుంచి దాని కొక పేరు పెట్టుటయే ఉపప్రక్రియ. టీ.సీ. చూచుట, పుట్టిన తేది సరిచూచుట, మార్కుల పత్రము చూచుట అను మూడింటిని "పత్రముల పరిశీలన" యని కూర్చితిమి. ముడిచినచో పెట్టె యడుగున కూడిక గుర్తు మాత్రము కనబడును; విప్పినచో లోపలి పనులన్నియు కానవచ్చును. రెండే పనులకు ఇంత యాడంబరము వలదని మా యభిప్రాయము.

పనుల చుట్టును గీతలు చుక్కలుగా నొక చట్రమును గీచినంతమాత్రమున ఉపప్రక్రియ కాదు. అది కంటికి గుర్తు మాత్రమే. నడక నది మార్చదు. ఉపప్రక్రియ కన్ననో కట్టుబాట్లు కలవు. వెలుపలి బాణము దాని యంచువఱకే రావలెను. అంచు దాటి లోపలి పనిని తాకరాదు, లోపలి బాణము వెలుపలికి పోరాదు. లోపల వేఱుగా ఆరంభ వలయమును, అంత వలయమును ఉంచుట మేలు. ఆ యారంభ వలయములో గడియారము, ఉత్తరము వంటి గుర్తేదియు నుండరాదు. లోపల మొదలైన పనులన్నియు ముగిసినగాని వెలుపలి తరువాతి పని ప్రారంభము కాదు.

ఈ కడపటి నియమమే మమ్ము దెబ్బతీసినది. పొరుగూరినుండి వచ్చిన యొక బాలుని టీ.సీ. పాత బడినుండి రాలేదు. పరిశీలన ముగియలేదు గనుక తరగతి కేటాయింపు మొదలు కాలేదు. కార్యాలయమువారు పటము ననుసరించి నడచిరి. బాలుడును తల్లియు తొమ్మిది దినములు వరండాలో నిలిచిరి. తప్పు గుమాస్తాగారిది కాదు, పటము గీచిన మాది. పత్రము రానిచో నేమి చేయవలెనో మేము గీయనేలేదు.

పిమ్మట ఉపప్రక్రియ యంచుపై గడియారపు గుర్తుగల జంట వలయము నుంచితిమి. ఆ వలయము నిండుగీతలతో నున్నచో, గడువు తీరగానే లోపలి పని యాగిపోయి వేఱుదారి పట్టును. తెగినగీతలతో నున్నచో లోపలి పని సాగుచుండగనే రెండవ దారియు తెఱచుకొనును. మాకు రెండవదే కావలసినది. ఒక్క దినము గడచినంతనే బాలుని తాత్కాలికముగా తరగతిలో కూర్చుండనిచ్చుట యను పని గీచి, ఆ దారిని అక్కడనే ముగించితిమి. లేనిచో తరగతి కేటాయింపు రెండుమార్లు జరుగును. ఆ బాలుని టీ.సీ. మఱి రెండు వారములకు వచ్చినది. అప్పటికాతడు తరగతిలో పాఠములు వినుచునే యుండెను.

హాస్టలు ప్రవేశములకును ఇదే పరిశీలన కావలసివచ్చినది. అట్టి యెడల దానిని మరల గీయక, వేఱు పటముగా నొక్కసారి గీచియుంచి, మందపు టంచుగల పెట్టెతో రెండుచోట్లను పిలువవచ్చును. ఆ పని యీ వేసవిలో చేయుచున్నాము.