తుపాకి లేని వేట

పిల్లలూ! వేటగాడికి ఏమేమి ఉండాలి? ఓర్పు, చురుకైన కన్ను, చప్పుడు చెయ్యని అడుగు. ఇవన్నీ ఉండి, చేతిలో తుపాకికి బదులు కెమెరా ఉంటే అదీ వేటే. కాని ఈ వేటలో పక్షి ఈక ఒక్కటైనా రాలకూడదు.

సుమారు 1900లో ఇంగ్లండులో రిచర్డ్ కేర్టన్, చెర్రీ కేర్టన్ అనే అన్నదమ్ములు ఒక తమాషా చేశారు. ఎద్దు చర్మంతో, లోపల బోలుగా ఉండే బొమ్మ ఎద్దును తయారుచేయించారు. మనిషి కెమెరాతో దాని కడుపులో దూరి నిలబడేవాడు! ఎద్దు మేస్తుంటే పక్షులు బెదరవు కదా, అదీ వారి ఆలోచన.

మీకు బొమ్మ ఎద్దు అక్కరలేదు. చలికాలంలో పెద్దవాళ్లతో నేలపట్టుకు వెళ్లండి. అది తిరుపతి జిల్లాలో, సూళ్లూరుపేటకు దగ్గర, పులికాట్ సరస్సు చేరువలో ఉన్నది. 1976 నుంచి అది పక్షుల రక్షిత కేంద్రం. ఈశాన్య ఋతుపవనాల వానలకు చెరువు నిండితే, నీటిలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. చుట్టూ నీరు ఉంటే నక్కలూ, పిల్లులూ గూటి దాకా రావడం కష్టం.

గూడబాతు ముక్కు కింద పెద్ద సంచీ వేలాడుతుంది. అది చేపలు దాచుకునే బుట్ట అనుకుంటున్నారా? కాదు, అది వల! నీళ్లతో సహా చేపను ఎత్తి, నీళ్లు వంచేసి, చేపను మింగేస్తుంది. గూటికి వచ్చాక ఆ చేపను మళ్లీ పైకి తెస్తుంది. పిల్ల తల్లి నోటిలోకి తల దూర్చి తింటుంది. అటువంటి క్షణం ఫొటోలో పడితే ఎంత బాగుంటుంది!

అందుకు ఉపాయాలున్నాయి. ఎండ తీవ్రం కాకముందే వెళ్లండి. సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి. మెరిసే రంగుల బట్టలు వద్దు. దూరపు వస్తువును దగ్గరగా చూపే కటకం వాడండి. ఎగిరే పక్షిని తీసేటప్పుడు సెకనులో వెయ్యో వంతు చాలు. అంతకంటె ఎక్కువసేపు తెరిస్తే రెక్కలు అలుక్కుపోయినట్టు పడతాయి. కంటి మీద గురి పెట్టండి.

మాటున కూర్చునేవారికి ఒక పాత యుక్తి ఉన్నది. ఇద్దరు కలిసి మాటులోకి వెళతారు, ఒకరు బయటికి వచ్చేస్తారు. పక్షులు మనలాగా లెక్కపెట్టలేవు. మనిషి వెళ్లిపోయాడనుకుని తమ పనిలో పడతాయి!

కాని గూటి దగ్గరకు మాత్రం ఎన్నడూ పోకూడదు. మీరు పోతే తల్లి లేచిపోతుంది. ఈకలు రాని పిల్లలు ఎండకు మాడిపోతాయి. కాకులూ, గద్దలూ ఆ అదను కోసమే చూస్తుంటాయి. మీకు ఫొటో దక్కింది, తల్లికి పిల్ల దక్కలేదు! అటువంటి ఫొటో ఎంత అందంగా ఉంటే మాత్రం ఏం లాభం?

పక్షి మేత మాని, మెడ నిక్కించి మీవంక చూసిందా? అది "ఇక చాలు" అన్నట్టే. మెల్లగా వెనక్కి తగ్గండి. రాయి విసిరి పక్షులను లేపి ఫొటో తీసేవాడు వేటగాడూ కాడు, ఫొటోగ్రాఫరూ కాడు.

ఇంటికి వచ్చాక ప్రతి ఫొటోకూ తేదీ, వేళ, చోటు, పక్షి చేస్తున్న పని రాసిపెట్టండి. ఏటేటా ఇలా రాస్తే ఏ పక్షి ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు గూడు కట్టిందో మీకే తెలుస్తుంది. కెమెరా లేనివారు పుస్తకం, పెన్సిలు తీసుకుపోండి. ఓర్పు ఉన్నవారికి అవే చాలు.