ప్రకటించే హక్కు, ఒప్పుకోని హక్కు

"ఇంట్లో ప్రార్థన పెట్టుకోవాలంటే స్టేషన్‌లో పర్మిషన్ తీసుకోవాలా అయ్యగారూ?" జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లె సంఘాల్లో తరచూ వినబడే ప్రశ్న ఇది. అక్కర్లేదు. ఎవరి ఇంట్లో వారు ప్రార్థన చేసుకోవడానికి అనుమతి కావాలనే చట్టం మన రాష్ట్రంలో లేదు. మతమార్పిడి నిరోధక చట్టం కూడా తెలంగాణలో లేదు. కొత్తగా మందిరం కట్టడం, మైదానంలో సభ పెట్టడం, మైకు వాడడం మాత్రం వేరే సంగతులు. వాటికి అనుమతులు కావాలి. ఈ తేడా తెలియకనే కొందరు సేవకులు భయపడనక్కర్లేని చోట భయపడుతున్నారు, జాగ్రత్తపడవలసిన చోట పడటం లేదు.

ఒకప్పుడు మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు జవాబు ఇంత తేలికగా ఉండేది కాదు. నిజాం పాలనలో 'గస్తీ నిషాన్ 53' అనే ఉత్తర్వు ఉండేది. సభ జరపాలంటే ముందు సర్కారు అనుమతి తీసుకోవాలి. తమ ఆరాధన మీద, ప్రచారం మీద ఆంక్షలు తొలగించాలని 1938-39లో హైదరాబాద్ సంస్థానంలో సత్యాగ్రహం చేసినవారు ఆర్యసమాజం వారు. అదే 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను యూనివర్సిటీ నుంచి వెళ్లగొట్టారు. అంటే మత ప్రచార స్వేచ్ఛ కోసం ఈ గడ్డ మీద జైళ్లకు వెళ్లినవారిలో హిందువులు ఎందరో ఉన్నారు. ఆ హక్కును కేవలం క్రైస్తవుల కోసం పెట్టారనే మాట విన్నప్పుడల్లా ఇది గుర్తుకు రావాలి.

అదే నిజాం రాజ్యంలో, నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ కేంద్రంగా బిషప్ వి.ఎస్. అజరయ్య సేవ చేశారు. 1912లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. అణగారిన కులాలవారు పెద్దసంఖ్యలో సంఘంలో చేరడం గురించి గాంధీజీకి, ఆయనకు మధ్య తీవ్రమైన అభిప్రాయభేదం ఉండేది. అయినా క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామంటే అజరయ్య వద్దన్నారు. సువార్త చెప్పే స్వేచ్ఛ కావాలన్నారు గాని ఓట్ల లెక్కలో ఒక వర్గంగా మిగలడం ఆయనకు ఇష్టం లేదు. 1945లో ఆయన కన్నుమూశారు. రాజ్యాంగాన్ని ఆయన చూడలేదు.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. మూడు నెలలు నిండకముందే, డిసెంబరు 6న, ఢిల్లీలోని రాజ్యాంగ సభలో ఇప్పటి 25వ అధికరణంపై చర్చ జరిగింది. గొడవంతా 'ప్రచారం' అనే ఒక్క మాట మీదనే. మతం ఎవరికి వారు ఇంట్లో ఉంచుకోవలసినది, ఆ మాట తీసివేయండి అన్నారు తజముల్ హుస్సేన్. లోకనాథ్ మిశ్రా కూడా గట్టిగా వ్యతిరేకించారు. టి.టి. కృష్ణమాచారి లేచి, తాను సుమారు 14 ఏళ్లు క్రైస్తవ విద్యాసంస్థల్లో చదివానని, తనను మతం మార్చే ప్రయత్నం ఎవరూ చేయలేదని చెప్పారు. ఈ హక్కు క్రైస్తవులకు ఎంతో, ఆర్యసమాజం వారికీ అంతేనన్నారు. మాట నిలిచింది.

ఇక ఆ అధికరణం చెప్పేదేమిటి? ముందుగా మనస్సాక్షి స్వేచ్ఛ, ఆ తరువాతే మతాన్ని అవలంబించడం, ఆచరించడం, ప్రచారం చేయడం. ఇది పౌరులకే కాదు, ఈ దేశంలో ఉన్న ప్రతి వ్యక్తికీ వర్తిస్తుంది. 19వ అధికరణంలోని వాక్ స్వాతంత్ర్యం మాత్రం పౌరులకే. మత స్వేచ్ఛ శాంతిభద్రతలకు, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి ఉంటుంది. వాక్ స్వాతంత్ర్యానికి ఎనిమిది కారణాల మీద హద్దు పెట్టవచ్చు.

ప్రచారం చేసే హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తీర్పును హెచ్.ఎం. సీర్వై వంటి న్యాయకోవిదులు విమర్శించారు. మనకూ అభ్యంతరాలున్నాయి. విన్నవాడు తనంతట తాను నమ్మితే అది అతని మనస్సాక్షి స్వేచ్ఛ కాదా అన్న ప్రశ్నకు అందులో సరైన జవాబు దొరకదు. 2018లో కేరళ యువతి హదియా కేసులో మాత్రం, విశ్వాసాన్ని ఎంచుకోవడం వ్యక్తి సొంత విషయమని అదే కోర్టు చెప్పింది. హదియా క్రైస్తవురాలు కాదు, ఇస్లాం స్వీకరించిన యువతి. అయినా ఆ తీర్పు రేపు తండాలోని ఒక లంబాడా చెల్లెలికి పనికొస్తుంది.

పాడకపోవడం కూడా హక్కే. జాతీయగీతం పాడే సమయంలో గౌరవంగా నిలబడి, నోరు మాత్రం విప్పని ముగ్గురు పిల్లలను 1985లో కేరళలో బడి నుంచి తీసేశారు. వారు యెహోవా సాక్షులు. వారి బోధతో మన సంఘాలు ఏకీభవించవు. కాని 19, 25 అధికరణాల కింద వారి మౌనాన్ని కాపాడుతూ 1986లో తీర్పు రాసిన ధర్మాసనానికి నాయకత్వం వహించినది మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి.

ఇప్పుడు మనకు రుచించని సంగతి. 2000లో చెన్నైకి చెందిన ఒక చర్చి, లౌడ్ స్పీకర్లపై ఆంక్ష మత స్వేచ్ఛకు భంగమని వాదించి సుప్రీంకోర్టులో ఓడిపోయింది. సౌండ్ పెంచి పొరుగువారి నిద్ర చెడగొట్టమని ఏ మతమూ చెప్పదన్నది కోర్టు. భూపాలపల్లి సింగరేణి కాలనీలో నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకున్న కార్మికుణ్ణి తలుచుకుంటే ఆ తీర్పు సరైనదే అనిపిస్తుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు వాడకూడదు. మిగతా వేళల్లోనూ రాతపూర్వక అనుమతి ఉండాలి.

బహిరంగ సభకు అనుమతి అడిగితే శాంతిభద్రతల పేరుతో కాదనడం మామూలే. అలా కాదన్నంత మాత్రాన తలుపు మూసుకుపోదు. 2024 నవంబరులో మహబూబాబాద్‌లో బీఆర్ఎస్ తలపెట్టిన గిరిజన ధర్నాకు పోలీసులు అనుమతి నిరాకరించారు. హైకోర్టు షరతులతో అనుమతి ఇచ్చింది, 25న ధర్నా జరిగింది. పార్టీకి దొరికిన దారి కన్వెన్షన్ కమిటీకీ ఉంది. నిరాకరణను కాగితం మీద అడిగి తీసుకోండి. పౌలు కూడా కొరడా దెబ్బలకు ముందు తన రోమా పౌరసత్వాన్ని అధికారికి గుర్తుచేశాడు కదా.

ఒక హక్కుకు మాత్రం వెల కట్టి ఉంచారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఎస్సీ హోదా. బాప్తిస్మం తీసుకున్న మాల, మాదిగ సోదరులు మన దగ్గర బీసీ-సిలోకి వెళ్తారు. ఎస్టీల ఉత్తర్వులో ఇలాంటి మత షరతు లేదు. తండాల్లో దీనిపై ఎవరైనా బెదిరిస్తే ఆ తేడా చెప్పండి.

ఎవరైనా ప్రార్థన కూటమిని కావాలని చెదరగొడితే అది భారతీయ న్యాయ సంహిత 300వ సెక్షన్ కింద నేరం, ఏడాది వరకు జైలు. మందిరాన్ని అవమానించే ఉద్దేశంతో ధ్వంసం చేస్తే 298, రెండేళ్ల వరకు. అలాగే మన ప్రసంగీకుడు ఇతరుల దేవతలను ద్వేషంతో, ఉద్దేశపూర్వకంగా దూషిస్తే 299 కింద మూడేళ్ల దాకా పడవచ్చు. ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఎస్సై తీసుకోకపోతే అదే ఫిర్యాదును రాతపూర్వకంగా, పోస్టులో, జిల్లా ఎస్పీకి పంపండి. జనగామవారైతే వరంగల్ పోలీస్ కమిషనర్‌కు పంపాలి. పోస్టాఫీసు రసీదు భద్రంగా దాచుకోండి.