ఎలుకకు దిగులు పుట్టిందని ఎలా తెలుస్తుంది?

పెన్నేరుగడ్డ, అదే అశ్వగంధ, నీళ్లు తక్కువైనా బతుకుతుంది. జమ్మలమడుగు, పులివెందుల మెట్టచేలకు సరిపోయే మొక్క. ప్రొద్దుటూరు మూలికల అంగట్లో ఎండువేరు అడిగితే దిగులు పోతుందంటారు. నిజమా?

అది తేల్చడానికి ముందు సారం తీస్తారు. వేరు పొడిని ఆల్కహాల్‌లో నానబెట్టి, వడగట్టి, ఆవిరి చేస్తే సారం మిగులుతుంది. దాన్ని ముందు ఎలుకలకిస్తారు. అంతకంటే ముందు వాటికి ఒత్తిడి పుట్టించాలి కదా! పడక తడుపుతారు, బోను వంచుతారు, రాత్రంతా లైటు వేస్తారు. పాపం, వారాల తరబడి! ఆపైన రెండు సీసాలు పెడతారు: మంచినీళ్లు, చక్కెరనీళ్లు. మామూలు ఎలుక తీపికే ఎగబడుతుంది. దిగులుపడ్డదానికి ఆ మోజు తగ్గుతుంది. ఒక గుంపుకు సారం, ఒక గుంపుకు దిగులుకు వాడే ఇమిప్రమిన్ అనే పాత మందు, ఇంకో గుంపుకు మందులేని ద్రవం ఇచ్చి, ఏ గుంపుకు మోజు తిరిగొచ్చిందో పోలుస్తారు. ఎలుకను ఈదించి, ఎక్కువసేపు ఈదితే దిగులు తగ్గినట్టు లెక్కేసే పరీక్షా ఉంది కానీ, నాకు సీసాలే మేలనిపిస్తాయి. ఉత్త హుషారు మందు ఇచ్చినా ఎలుక ఎక్కువసేపు ఈదుతుంది మరి!

మనుషుల సంగతి? హైదరాబాద్ ఆశా హాస్పిటల్ వైద్యుల పరీక్ష 2012లో అచ్చయింది. ఒత్తిడితో బాధపడే 64 మందిలో సగం మందికి వేరు సారం, సగం మందికి ఉత్తుత్తి మాత్ర, 60 రోజులు. సారం తీసుకున్నవాళ్లలో ఒత్తిడి, కార్టిసాల్ హార్మోను ఎక్కువగా తగ్గాయి. అయితే అది ఒత్తిడి మీద పరీక్ష. డిప్రెషన్ జబ్బుకు మందని చెప్పాలంటే ఆ రోగుల మీదే, ఇంకా పెద్ద పరీక్షలు కావాలి.