మందు ఇచ్చే ముందు... ఒక్క నిమిషం!

డాక్టరు గారు మందు రాస్తారు. ఫార్మసీ వారు మందు ఇస్తారు. కానీ ఆ మందు రోగి ఒంట్లోకి చేరేది నర్సు చేతి మీదుగానే. అంతకు ముందు ఎవరు పొరపాటు చేసినా పట్టుకోగల ఆఖరి మనిషి నర్సు. నర్సు దగ్గరే పొరపాటు జరిగితే పట్టుకునేందుకు వెనుక ఇంకెవరూ ఉండరు. ఈ మాట మేము నర్సింగ్ మొదటి సంవత్సరంలోనే పాఠంలో విన్నాం. దాని బరువు ఎంతో మాత్రం వార్డులోకి వెళ్ళాకే తెలిసింది.

మన హాస్టల్ నుండి ఏటా కొందరు చెల్లెళ్ళు, తమ్ముళ్ళు నర్సింగ్ వైపు వస్తున్నారు. వారి కోసం, ఇంట్లో రోగులకు మందులు ఇచ్చే అందరి కోసం, మేము నేర్చుకున్న నాలుగు విషయాలు ఇక్కడ రాస్తున్నాం.

ఒక సిరంజి నేర్పిన పాఠం

మేము మెడికల్ వార్డులో రాత్రి డ్యూటీలో ఉన్నాం. షుగర్ వ్యాధి ఉన్న ఒక పెద్దాయనకు పడుకునే ముందు 20 యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వాలి. ఆ సీసా వారి అబ్బాయి బయట కొని తెచ్చింది. మాలో ఒకరం రోజూ వాడే ఎర్రమూత సిరంజి తీసుకుని 20వ గీత దాకా మందు లాగేశాం. అప్పుడే సీనియర్ సిస్టర్ గారు వచ్చి "ఏదీ, సీసా ఒకసారి చూపించమ్మా" అన్నారు. లేబుల్ చూస్తే మా చేతులు చల్లబడ్డాయి.

మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ముఖ్యంగా రెండు బలాల్లో దొరుకుతాయి. ఒక రకంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. దానికి ఎర్రమూత సిరంజి వాడాలి. రెండో రకంలో మిల్లీలీటరుకు 100 యూనిట్లు. దానికి నారింజ రంగు మూత సిరంజి. ఎర్రమూత సిరంజిలో 20వ గీత అంటే అర మిల్లీలీటరు. 100 బలం మందు అర మిల్లీలీటరు తీస్తే 20 కాదు, 50 యూనిట్లు. అంటే రెండున్నర రెట్లు!

ఇన్సులిన్ ఎక్కువైతే రక్తంలో చక్కెర పడిపోతుంది. మెదడు పనిచేయడానికి ముఖ్యమైన ఇంధనం ఆ చక్కెరే. 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే చెమటలు, వణుకు, గుండెదడ వస్తాయి. ఇంకా పడిపోతే మాట తడబడి, ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పవచ్చు. అర్ధరాత్రి నిద్రలో ఇలా జరిగితే పక్కన ఉన్నవారు కూడా గమనించలేరు. ఆ రాత్రి ఆయనకు సరైన సిరంజితో సరైన మోతాదు అందింది. ఆ ఒక్క ప్రశ్న ఆయన ప్రాణం కాపాడిందని మా నమ్మకం.

ఐదు 'సరైన'వి

నర్సులందరూ పాటించవలసిన సూత్రం ఇది: సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. వినడానికి తేలికే, ఆచరణలోనే ఉంది కష్టమంతా.

రోగిని "మీరు లక్ష్మమ్మ గారేనా?" అని అడగకూడదు. చెవి సరిగా వినబడని పెద్దవారు దేనికైనా తల ఊపుతారు. "మీ పేరేంటమ్మా?" అని వారి నోటితోనే చెప్పించాలి. ఒకే వార్డులో ఇద్దరు లక్ష్మమ్మలు ఉండవచ్చు కనుక ఐ.పి. నంబరు కూడా కేసు షీటుతో సరిచూడాలి.

మందు లేబుల్‌ను మూడుసార్లు చదవాలి. అల్మరా నుండి తీసేటప్పుడు, సిరంజిలోకి ఎక్కించేటప్పుడు, తిరిగి పెట్టేటప్పుడు. ఇతరులు నింపి ఉంచిన సిరంజిని మనం ఇవ్వకూడదు. ఇచ్చిన తర్వాతే షీటులో రాయాలి, ముందే రాసిపెట్టకూడదు.

ఏడో తరగతి లెక్కే!

మోతాదు లెక్క అంటే చాలామందికి భయం. నిజానికి అది మనం స్కూల్లో నేర్చుకున్న ఏకవస్తు పద్ధతే. జెంటామైసిన్ 2 మిల్లీలీటర్లలో 80 మిల్లీగ్రాములు ఉంది. రోగికి 60 మిల్లీగ్రాములు ఇవ్వాలి. అప్పుడు 60ని 80తో భాగించి 2తో గుణిస్తే 1.5 మిల్లీలీటర్లు. అంతే.

దశాంశ బిందువు దగ్గర మాత్రం జాగ్రత్త. 5.0 అని రాస్తే చుక్క కనబడక 50 అని చదివే ప్రమాదం ఉంది. అందుకే 5 అని మాత్రమే రాయాలి. అర మిల్లీగ్రాము అయితే చుక్క ముందు సున్నా పెట్టి 0.5 అని రాయాలి. యూనిట్ల బదులు ఇంగ్లీషు 'యు' అక్షరం ఒక్కటే రాస్తే అది సున్నాలా కనబడి 10 యూనిట్లు కాస్తా 100 అవుతాయి. యూనిట్లు అనే మాట పూర్తిగా రాయాలి.

మందు ఏం చేస్తుందో తెలియాలి

ఫార్మకాలజీ పరీక్ష కోసం బట్టీ పట్టే సబ్జెక్టు కాదు. డిగాక్సిన్ గుండె వేగాన్ని తగ్గిస్తుందని తెలిసిన నర్సు, అది ఇచ్చే ముందు ఒక నిమిషం పూర్తిగా నాడి చూస్తుంది. పెద్దవారిలో 60 కన్నా తక్కువ ఉంటే మందు ఆపి డాక్టరుకు చెబుతుంది.

పొటాషియం క్లోరైడ్ చిన్న ఆంప్యూల్‌లో వస్తుంది. చూడటానికి డిస్టిల్డ్ వాటర్ లాగే ఉంటుంది. దాన్ని సెలైన్‌లో బాగా కలిపి నెమ్మదిగా ఎక్కించాలి. పలుచన చేయకుండా నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. అందుకే దీన్ని మిగతా మందులతో కలపకుండా విడిగా ఉంచాలని నియమం.

ఇలాంటి ప్రమాదాలు ప్రపంచమంతటా జరుగుతున్నాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో 'హాని లేని మందులు' అనే ఉద్యమం మొదలుపెట్టింది. మందుల వల్ల కలిగే, నివారించగల తీవ్ర హానిని ఐదేళ్ళలో సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. సెప్టెంబర్ 17న జరిపే ప్రపంచ రోగి భద్రతా దినోత్సవానికి 2022లో ఇదే అంశాన్ని తీసుకున్నారు.

అడగడం సిగ్గు కాదు

చివరిగా అన్నిటికన్నా ముఖ్యమైన మాట. తెలుగు మీడియంలో చదివి, ఇంట్లో మొట్టమొదటగా కాలేజీ మెట్లెక్కిన మాలాంటి వారికి ఒక భయం ఉంటుంది. డాక్టరు గారి చేతిరాత అర్థం కాకపోయినా, మందు పేరు కొత్తగా ఉన్నా, "ఇది కూడా తెలియదా?" అంటారేమోనని అడగం. పక్కవారిని చూసి ఊహించి చేసేస్తాం. ఆ ఊహే ప్రమాదం. అడిగితే మహా అయితే ఒక మాట పడతాం. అడగకపోతే ఒక ప్రాణం పోవచ్చు.

పొరపాటు జరిగిపోతే దాచకూడదు. ఇన్సులిన్ ఎక్కువైందని వెంటనే చెబితే గ్లూకోజ్ ఇచ్చి రోగిని కాపాడవచ్చు. తిట్లకు భయపడి దాస్తే ఆ సమయం చేజారుతుంది. ఆ రాత్రి సిస్టర్ గారు మమ్మల్ని కేకలు వేయలేదు. "రేపటి నుంచి మీరే ఇంకొకరి సీసా అడిగి చూడండి" అన్నారు. మర్నాటి నుండి ఇన్సులిన్ ఇచ్చే ముందు ఒకరి సిరంజి ఒకరికి చూపించుకోవడం మాకు అలవాటైంది.

హాస్టల్ మిత్రులారా! ఇది మనకూ వర్తిస్తుంది. పక్క మంచం మీది స్నేహితురాలికి తగ్గిందని అదే మాత్ర మనం వేసుకోవద్దు. వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర భోజనం తర్వాత మంచినీళ్ళతో వేసుకోవాలి, టీతో కాదు. ఏ మాత్ర చేతికి ఇచ్చినా "ఇది దేనికి మేడమ్?" అని అడగండి. అలా అడగడం ఇక్కడే అలవాటైతే, రేపు నర్సులయ్యాక ఎంతోమంది ప్రాణాలకు అదే కాపలా కాస్తుంది.